చిలకపచ్చ గొడుగు వెనక ముప్పై ఒక్కమంది

నేను ఒక గొడుగును. రంగు చిలకపచ్చ. ఎనిమిది ఊచలు, నిటారు కడ్డీ, వంకీ తిరిగిన పిడి. మూడు మడతలు పడి హ్యాండ్‌బ్యాగులో దూరిపోయే పొట్టి గొడుగులంటే నాకు మొదటినుంచీ కొంచెం చిన్నచూపే. తెరుచుకోవడం, ముడుచుకోవడం తప్ప మడత పడటం తెలియని జాతి నాది.

పుట్టింది విజయవాడ వన్‌టౌన్‌లో, ఒక మేడమీది రేకుల షెడ్డులో. గుడ్డ సూరత్ నుంచి, ఊచలు చైనా నుంచి వచ్చి రమణమ్మ అనే ఆవిడ ఒళ్ళో కలుసుకున్నాయి. నన్ను కుడుతున్నంతసేపూ ఆవిడ పక్కావిడతో తన ఆడబిడ్డను తిడుతూనే ఉంది. ఆ కోపమంతా సూదిలోకి దిగిందేమో, నా కుట్లు మాత్రం బ్రహ్మాండంగా పడ్డాయి.

నన్ను చేయించింది ఒక రియల్ ఎస్టేటు కంపెనీ. 'హరితవనం' అని ఊరికి దూరంగా ప్లాట్లు వేశారు. అందులో చెట్టన్నది ఒక్కటీ లేదు కనుక, చూడవచ్చినవాళ్ళు ఎండకు పడిపోకుండా ఐదువందల గొడుగులు కుట్టించారు. నా అంచుమీద ఇప్పటికీ సగం చెరిగిన అక్షరాలు కనిపిస్తాయి: 'హరితవనం – నీడపట్టున నూరేళ్ళు'. నూరేళ్ళన్నది రెండేళ్ళలో కోర్టుకెక్కింది. ప్లాట్లు చూపించే ఫణిరాజు రాత్రికి రాత్రి ఫోన్ నంబరు మార్చుకుని, నన్ను చంకన పెట్టుకుని, ఒక టూర్ల కంపెనీలో మేనేజరుగా చేరాడు.

రెండు ఉద్యోగాల్లోనూ పని ఒకటే. జనాన్ని వరసగా నిలబెట్టి, చెయ్యి చాపి, "అదిగో" అనాలి. కొత్త ఉద్యోగంలో చూపించే వస్తువు నిజంగా ఉంటుంది, అంతే తేడా.

అలా నేను యూరప్ వెళ్ళాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. పదకొండు రోజులు, తొమ్మిది దేశాలు. ఫణిరాజు నన్ను తెరిచి నెత్తికి రెండడుగుల పైన ఎత్తి పట్టుకుని నడుస్తాడు. వెనక జనం నన్ను చూస్తూ నడుస్తారు. కుడివైపు ఎనిమిది వందల ఏళ్ళ కోట ఉంటుంది, ఎడమవైపు నది ఉంటుంది. కానీ తలతిప్పితే తప్పిపోతామేమోనని భయం. కాబట్టి వాళ్ళు యూరప్‌లో అన్నిటికంటే ఎక్కువగా చూసింది నన్నే. ఇంటికెళ్ళాక ఫోటోలు తెరిస్తే ప్రతి ఫోటోలోనూ ఒక మూల పచ్చగా నేను.

ఆరో ట్రిప్పులో ముప్పై ఒక్కమంది వచ్చారు. జూలై నెలాఖరు. బ్రోచరు మీద పెద్ద అక్షరాలతో 'సంగీతోత్సవాల వేళ సాల్జ్‌బర్గ్‌లో' అని వేశారు, ఆ ఒక్క ముక్కకు మామూలు రేటుకంటే ఎక్కువ కూడా వేశారు. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఒక ఊరు. వేసవి వస్తే అక్కడ నెల పైచిలుకు సంగీతమూ నాటకమే. లోకంలోని పేరున్న పాటగాళ్ళందరూ అక్కడ దిగుతారు.

ముప్పై ఒక్కమందిలోనూ ఆ ముక్క చదివి వచ్చినావిడ ఒక్కరే. పేరు భ్రమరాంబ. అరవై ఆరేళ్ళు. విజయవాడ రైల్వే స్టేషన్లో ఇరవై ఎనిమిదేళ్ళు అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. బస్సులో డ్రైవరు సీటు వెనక కొక్కేనికి నన్ను తగిలించేవాడు ఫణిరాజు. ఆవిడ రెండో వరసలో కూర్చునేవారు గనక ఆవిడ మాటలన్నీ నాకు వినపడేవి. ఒకరోజు పక్కన కూర్చున్న మాణిక్యమ్మతో చెప్పారు. మాణిక్యమ్మది గుంటూరు, భర్త పిచ్చేశ్వరరావు మిర్చియార్డులో వ్యాపారి.

"కుడి చెవి పూర్తిగా పోయిందమ్మా. ఎడమది సగం ఉంది. అది కూడా ఏడాదో, రెండేళ్ళో అన్నాడు డాక్టరు. చెవి పక్కన స్పీకరు, కిటికీ బయట ఇంజను కూత... అట్లా గడిచిపోయిందిగా ఉద్యోగం."

"మిషన్ పెట్టుకోవచ్చుగా వదినా?"

"పెట్టుకున్నా. మాట తెలుస్తది. పాట పెడితే మాత్రం రేకుమీద మేకుతో గీకినట్టుంటది. అందుకే ఈ టూరుకు పట్టుబట్టా. వంద మంది కూర్చుని ఒక్కసారే వాయిస్తే ఎట్లా ఉంటదో, ఈ ఉన్న సగం చెవితో ఒక్కసారి వినాలి. అంతే నాకు. ఆ మంచుకొండలు నువ్వే చూసుకో."

ఆవిడ భర్త నరసింగరావుగారు ఇరిగేషన్లో ఇంజనీరుగా రిటైరయ్యారు. పెళ్ళయిన ముప్పై తొమ్మిదేళ్ళ నుంచీ భార్యకు కుడివైపే నడుస్తారు, కుడివైపే కూర్చుంటారు, కుడివైపునుంచే సలహాలిస్తారు. ఆ వైపు చెవి పోయి మూడేళ్ళయిందన్నది ఆయన బుర్రకెక్కలేదు. ఈ మూడేళ్ళలో తన భార్య మునుపటికంటే బాగా నెమ్మదస్తురాలైందని ఆయన బస్సులో అందరితోనూ మెచ్చుకోలుగా చెప్పారు.

ఎనిమిదో రోజు ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి సాల్జ్‌బర్గ్‌లో దిగాం. ఆ ఊరి వాన మన వానలాగా కొట్టదు. దారాలు వేలాడదీసినట్టు సన్నగా, తెగకుండా పడుతూనే ఉంటుంది. ఆ వానలోనే తోట చూశారు, వంతెన దాటారు, దుకాణాల ముందు ఇనప తీగెల బోర్డులు వేలాడే సన్నటి వీధిలోంచి నడిచారు. అంటే, నా వెనక నడిచారు. తొమ్మిదీ నలభైకి ఒక పొడుగాటి భవనం ముందు ఫణిరాజు ఆగాడు.

"ఇదేనండీ ఫెస్టివల్ హాలు. ప్రపంచంలో పెద్దపెద్దవాళ్ళంతా ఇక్కడికే వస్తారు. ఏడు నిమిషాలు టైము. ఫోటోలు దిగండి. తర్వాత చాక్లెట్ షాపు, అక్కడ నలభై నిమిషాలు."

భ్రమరాంబ ముందుకొచ్చారు. "లోపలికి ఎప్పుడు బాబూ?"

"లోపలికా? టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయమ్మా."

"మరి కాయితంలో సంగీతోత్సవం అన్నారుగా?"

"ఉత్సవం జరుగుతానే ఉందిగా అమ్మా. జరిగే ఊళ్ళోకి తీసుకొచ్చాంగా."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ప్లాట్లు అమ్మినవాడి తెలుగు అది; కోర్టులో కూడా నిలబడుతుంది.

ఆవిడ గోడ పక్కకెళ్ళి అతికించిన పోస్టర్లను ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డారు. పట్టు గౌన్లు, నల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు పొద్దున్నే ఏదో కచేరీకి గొడుగులు పట్టుకుని వెళుతున్నారు. వాళ్ళ వెనకగా నిలబడి మనవాళ్ళు ఫోటోలు దిగుతున్నారు. "మమ్మల్ని కూడా పిలిచినట్టు వచ్చింది చూడు," అని పిచ్చేశ్వరరావు మాణిక్యమ్మకు ఫోన్ చూపించాడు.

ఇంతలో ఫణిరాజు ఫోన్ మోగింది. బస్సు ఆపకూడని చోట ఆపారట, పోలీసులు వచ్చారట, కాగితాలన్నీ ఫణిరాజు దగ్గరున్నాయట. అతని మొహం మాడిపోయింది. చుట్టూ చూశాడు. నరసింగరావుగారి చేతుల్లో కెమెరా ఉంది, పిచ్చేశ్వరరావు చేతుల్లో చేగోడీల పొట్లం ఉంది. ఖాళీ చేతులతో ఉన్నది పోస్టర్ల దగ్గర భ్రమరాంబ ఒక్కరే.

"అమ్మా, ఐదు నిమిషాలు ఈ గొడుగు పట్టుకోండి. ఎవరూ కదలొద్దు, ఇక్కడే ఉండండి," అని నన్ను ఆవిడ చేతిలో పెట్టి పరుగెత్తాడు. చెప్పింది ఆవిడకు కుడివైపు నుంచి.

సరిగ్గా అప్పుడే గంటలు మొదలయ్యాయి. ఆ వీధి చివర ఆ ఊరి పెద్ద చర్చి ఉంది, కెథెడ్రల్ అంటారు. దాని గంటలు మోగితే రాళ్ళు కూడా అదురుతాయి. ఆవిడ ఎడమ చెవి అటు తిప్పారు. జనం గుంపులుగా అటే పోతున్నారు. వాళ్ళ మధ్య ఒక కుర్రది వయొలిన్ పెట్టె గుండెకు హత్తుకుని వానలో పరుగెడుతోంది. భ్రమరాంబ నన్ను పైకెత్తి ఆ పిల్ల వెనక నడిచారు.

మాణిక్యమ్మ నన్ను చూసి కదిలింది. ఆమెను చూసి మరో నలుగురు. అరనిమిషంలో ముప్పైమంది బారులు తీరారు. ఎక్కడికి అని ఒక్కరూ అడగలేదు. ఎనిమిది రోజుల శిక్షణ మరి! ఇంకెవరో పసుపు రెయిన్‌కోట్ల గుంపు, తమ గొడుగు కనిపించక కాబోలు, వాళ్ళు కూడా కొంతదూరం మా వెనక వచ్చారు.

"భ్రమరా! ఎక్కడికి? ఆయన కదలొద్దన్నాడుగా!" అని నరసింగరావుగారు కేకేశారు. కుడివైపు నుంచే. ఆవిడకు వినపడలేదు. వినపడలేదనే ఈనాటికీ ఆవిడ చెబుతారు. నా పిడి మీద ఆవిడ వేళ్ళు ఒకసారి బిగుసుకున్న మాట మాత్రం నాకు తెలుసు.

చర్చి గుమ్మం దగ్గర ఒక ముసలాయన అడ్డం నిలబడ్డాడు. లోపల వాద్యబృందంతో ప్రార్థన జరగబోతోందనీ, ఊరు చూడవచ్చినవాళ్ళకు ఇప్పుడు ప్రవేశం లేదనీ ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. భ్రమరాంబ నన్ను ముడిచి, కర్రలా నేలమీద ఆనించి, "థర్టీ వన్. ఆల్ సిట్. నో ఫోటో," అన్నారు. ముసలాయన వెనకున్న ముప్పైమందినీ చూశాడు, ఆవిడ కళ్ళలోకి చూశాడు, తలుపు తీశాడు.

అప్పుడు మాణిక్యమ్మకు సందేహం వచ్చింది. "చెప్పులిప్పాలేమో వదినా. దేముడుండే చోటేగా." అని జవాబు కోసం చూడకుండా బూట్లు విప్పేసింది. ఆమె విప్పాక పక్కావిడ ఎలా ఊరుకుంటుంది? రెండు నిమిషాల్లో ఆ పాలరాతి గుమ్మం ముందు, వానలో, ముప్పై ఒక్క జతల స్పోర్ట్స్ షూలు బారుగా నిలిచాయి. ముసలాయన ఏదో చెప్పబోయి మానేశాడు. మేజోళ్ళ కాళ్ళతో మనవాళ్ళు ఆ చల్లటి నేలమీద అంగలు వేసుకుంటూ లోపలికి వెళ్ళారు.

భ్రమరాంబ వాయిద్యాలవాళ్ళకు వీలైనంత దగ్గరగా ఒక బెంచీ చూసుకుని, చివర ఎడమ చెవి అటు ఉండేలా కూర్చున్నారు. చెవిలో మిషన్ తీసి పర్సులో వేసి జిప్పు లాగారు. నన్ను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు.

"ఇది మన లిస్టులో ఉందా?" అని వెనకనుంచి ఎవరో. "ఉండే ఉంటదిలే, లేపోతే ఎందుకు తెస్తారు?" అని ఇంకెవరో. పిచ్చేశ్వరరావు పొట్లం విప్పి ఒక చేగోడీ నోట్లో వేసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో అది కొరకడానికి ధైర్యం చాలక, బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు.

సంగీతం మొదలైంది.

నేను గొడుగును. వాన చప్పుడు తప్ప ఇంకే సంగీతమూ నాకు తెలియదు. అందుకని అది ఎలా ఉందో చెప్పలేను, ఏం జరిగిందో చెబుతాను. ముందు వయొలిన్లు చిన్నగా కదిలాయి. ఆవిడ మొహం చిట్లించారు. సరిగా అందడం లేదు. కొంచెం ముందుకు వంగారు. ఇంకా అందడం లేదు. ఇంత దూరం వచ్చి, ఇంత దగ్గరగా కూర్చుని కూడా చేజారిపోతుందేమోనని భయం ఆవిడ మోచేతిలోంచి నాకు తెలిసింది. అప్పుడు పాడేవాళ్ళు అందరూ ఒక్కసారి గొంతెత్తారు. బాకాలు, నగారాలు, మీదనుంచి ఆర్గన్. నా ఎనిమిది ఊచలూ గుడ్డలోపల వణికాయి. ఆవిడ నోరు కొద్దిగా తెరుచుకుంది. కళ్ళు మూసుకోలేదు, ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే తలెత్తి చూస్తామే, అలా చూస్తూ ఉండిపోయారు.

నరసింగరావుగారు ఏదో చెబుదామని ఆవిడ కుడి చెవి దగ్గరకు వంగారు. బస్సు గురించే అయి ఉంటుంది. మొహం చూసి ఆగిపోయారు. "భ్రమరా," అన్నారు నెమ్మదిగా. ఆవిడ కదల్లేదు. మళ్ళీ అన్నారు, కొంచెం గట్టిగా. కదల్లేదు. ఆయన వెనక్కి వాలి చాలాసేపు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. కాలవల్లో నీళ్ళు ఎక్కడ ఇంకిపోతున్నాయో లెక్కగట్టిన మనిషి. తన మాటలు మూడేళ్ళుగా ఎక్కడికి పోతున్నాయో ఆయనకు అప్పుడు తెలిసింది.

బయట ఫణిరాజు సంగతి తర్వాత బస్సులో అతనే చెప్పగా విన్నాను. తిరిగొచ్చేసరికి హాలు ముందు ఎవరూ లేరు. ముప్పై ఒక్కమంది! పరాయి దేశం! చాక్లెట్ షాపులో చూశాడు, వంతెన మీద చూశాడు, ఒక పోలీసుకు 'గ్రీన్ అంబ్రెల్లా' అని చేతులతో చేసి చూపించాడు. ఏడుపొక్కటే తక్కువగా కెథెడ్రల్ ముందుకొచ్చేసరికి అక్కడ జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో తడుస్తున్న బూట్లు. మెడకు గుడ్డ చుట్టుకున్న ఒకాయన మోకాళ్ళమీద కూర్చుని వాటిని ఫోటో తీస్తున్నాడు. ఉత్సవాల రోజులు కదా, ఇది కూడా ఏదో కళాప్రదర్శన అనుకున్నారట. "వలసవెళ్ళినవాళ్ళ మౌనం," అని ఒకావిడ పక్కావిడకు ఇంగ్లీషులో వివరిస్తోందట. ఆ మౌనంలో ఒక జతకు ఎర్ర లేసులున్నాయి. అవి పిచ్చేశ్వరరావువి. గుర్తుపట్టి, బతుకుజీవుడా అనుకుంటూ ఫణిరాజు లోపలికొచ్చాడు.

వచ్చి, బెంచీల మధ్యనుంచి వాచీ చూపిస్తూ సైగలు చేశాడు. భ్రమరాంబ చూశారు. పెదవుల మీద వేలు పెట్టి, పక్కన ఖాళీ చూపించారు. అతను కూర్చున్నాడు. ఆరుసార్లు ఆ ఊరు వచ్చి, ఆ ఊళ్ళో అతను కూర్చోవడం అదే మొదలు. పది నిమిషాల తర్వాత చూస్తే వాచీ ఉన్న చేతిని అతను ఇంకో చేత్తో కప్పుకుని ఉన్నాడు.

ప్రార్థన అయ్యాక బయట గందరగోళం. బూట్లు తడిసి ఎవరివెవరివో తెలియలేదు. చాక్లెట్ షాపుకు టైము లేదని తేలగానే ముగ్గురు ఫణిరాజును పట్టుకున్నారు. "మా మనవళ్ళకి ఏం చెప్పాలయ్యా? చర్చికెళ్ళొచ్చామని చెప్పాలా?" మిగతావాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయారు. ఫణిరాజు అరుపు వానలో ఎవరికీ అందలేదు.

భ్రమరాంబ పై మెట్టెక్కి నన్ను తెరిచి ఎత్తారు. గొంతు సవరించుకున్నారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. విజయవాడ నుండి వచ్చిన ప్రయాణికులందరూ వెంటనే చిలకపచ్చ గొడుగు వద్దకు రావలసిందిగా కోరుచున్నాము. మీ పాదరక్షలకు మీరే బాధ్యులు."

ఇరవై ఎనిమిదేళ్ళు రైళ్ళను నడిపిన గొంతు అది. ముప్పైమంది మారు మాట్లాడకుండా వచ్చి నిలబడ్డారు. ఫోటోలు తీస్తున్నాయన చప్పట్లు కొట్టాడు. పిచ్చేశ్వరరావు ఒక్కడే ఇంకా గుమ్మం వైపు చూస్తున్నాడు. "ఏందోనమ్మా," అన్నాడు దగ్గరకొచ్చి, "మధ్యలో ఆ ఆడమనిషి ఒక్కతే పాడింది చూడు... అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలవదు." బుగ్గన చేగోడీ ఎప్పుడో నానిపోయింది.

బస్సెక్కగానే ఫణిరాజు నన్ను ఆవిడ చేతిలోంచి లాక్కున్నాడు. "మీవల్ల నా ఉద్యోగం పోతదమ్మా," అన్నాడు. ముగ్గురూ ఫిర్యాదు రాసి కంపెనీకి పంపారు కూడా. మర్నాడు మంచుకొండ మీద గాలికి నేను తిరగబడ్డాను. రెండు ఊచలు విరిగాయి. ఫణిరాజు నన్ను పారేయబోయాడు. కానీ ఆ దేశంలో చెత్తకు నాలుగు డబ్బాలు: కాగితానికి ఒకటి, గాజుకు ఒకటి, ప్లాస్టిక్కుకు ఒకటి, మిగతా వాటికి ఒకటి. ఇనుమూ గుడ్డా ప్లాస్టిక్కూ కలిసిన నేను ఏ డబ్బాకు చెందుతానో తేల్చుకోలేక, ఫైను వేస్తారేమోనన్న భయంతో ఐదు నిమిషాలు నిలబడిపోయాడు. "నాకిచ్చెయ్ నాయనా," అన్నారు భ్రమరాంబ.

అలా ఆవిడతో విజయవాడ వచ్చేశాను. బీసెంట్ రోడ్డు పక్కన ఒక ముసలాయన నాకు కొత్త ఊచలు రెండు వేశాడు. అవి నల్లవి, మిగతావి తెల్లవి. ఇప్పుడు వాళ్ళ వీధిగుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంటాను.

డాక్టరు చెప్పిన లెక్క తప్పలేదు. తర్వాతి వేసవికి ఎడమ చెవి కూడా పూర్తిగా పోయింది. నరసింగరావుగారు ఒక నోటుబుక్కు కొన్నారు. ఇంట్లో వినపడేదంతా అందులో రాసి ఆవిడకు చూపిస్తారు, ఇంజనీరు రిపోర్టులాగా. 'ఉ. 7.10. కుక్కరు: విజిల్స్ మూడు, కట్టేశాను. 7.25. ఫోను: మీ చెల్లెలు. విషయం: ఏమీ లేదు, ఇరవై నిమిషాలు. 8.00. పక్కింట్లో పోట్లాట. కారణం తెలియరాలేదు, విచారణలో ఉంది.' ఆవిడ చదివి నవ్వుతారు. ఆయనకు నవ్వెందుకో అర్థం కాదు.

ఒకరోజు ఫణిరాజు వచ్చాడు. ఉద్యోగం పోలేదు సరికదా, ప్రమోషన్ కూడా వచ్చింది. టూరు నుంచి వచ్చాక చాలామంది తమకు నచ్చినది ఆ చర్చి పాటే అని రాశారట. కొత్త బ్రోచరు తెచ్చి చూపించాడు: 'సాల్జ్‌బర్గ్ కెథెడ్రల్‌లో సంగీత ప్రార్థన – సంప్రదాయబద్ధంగా పాదరక్షలు విడిచి – మా కంపెనీ ప్రత్యేకం'. దానికి కూడా రేటు పెంచారు. అతను వెళ్ళాక నరసింగరావుగారు బుక్కులో రాశారు: 'వచ్చినది: ఫణిరాజు. విషయం: నువ్వు దారితప్పిన దారిని రోడ్డుగా వేసి అమ్ముతున్నాడు.'

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ గుమ్మంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను మేకుమీద ఉన్నాను. ఆయన బుక్కులో ఒకటి రాసి ఆవిడ ఒళ్ళో పెట్టారు.

'ఆ రోజు చర్చిలో ఏం వాయించారు? నేను అక్కడే ఉన్నాను. రెండు చెవులూ బాగానే ఉన్నాయి. కానీ ఏమీ వినలేదు.'

ఆవిడ చదివి ఆయన మొహంలోకి చూశారు. బుక్కు మూసి పక్కన పెట్టి, కొంచెం ముందుకు వంగి, కూనిరాగం మొదలుపెట్టారు. ముందు వయొలిన్లు. తర్వాత బాకాలకు చేత్తో కుర్చీమీద దరువు. శ్రుతి ఎక్కడెక్కడికో పోతోంది, ఆవిడకు తెలియదు. దారిన పోయేవాళ్ళు తల తిప్పి చూశారు. పక్కింటావిడ కిటికీ తెరిచింది.

నరసింగరావుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని వింటున్నారు.